రాకెట్ లేవని రోజు మైకు ఎవరి చేతిలో ఉండాలి

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో పరీక్ష పేపరు కాకుండా ఇంత పొడుగ్గా రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే మా ఎడిటోరియల్ టీమ్‌ని కాదు, నన్నే తిట్టుకోండి. తప్పు ఎవరిదో సరిగ్గా చెప్పడం గురించే ఈ వ్యాసం కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నా.

ఈ సంచికకి ఎవరైనా ప్రముఖుడి జీవితం రాయమని క్లబ్ వాళ్ళు అడిగితే నేను సతీశ్ ధావన్ పేరు చెప్పా. లిటరరీ క్లబ్‌లో రాకెట్ల ఆయన ఎందుకని ఒకరిద్దరు మొహం చిట్లించారు. ఆయన మెకానికల్ ఇంజనీరింగ్ చేయకముందే ఇంగ్లిష్ సాహిత్యంలో ఎం.ఏ. చేశారని చెప్పా. ఇంక ఎవరూ మాట్లాడలేదు.

నాకు ఆయన పేరు మొదట తెలిసింది టీవీలో. డోన్‌లో మా ఇంట్లో ఇస్రో ప్రయోగం అంటే మా జేజినాయన టీవీ ముందు నుంచి కదిలేవాడు కాదు. కౌంట్‌డౌన్ చదివేముందు ప్రతిసారీ శ్రీహరికోటలోని సతీశ్ ధావన్ అంతరిక్ష కేంద్రం అని అనేవాళ్ళు. నేనప్పుడు ఐదో తరగతి. ఆ ధావన్, మన క్రికెట్ శిఖర్ ధావన్‌కి నాన్నో పెదనాన్నో అయ్యుంటాడని గట్టిగా నమ్మేవాణ్ణి. క్లాసులో ఒకడితో పందెం కూడా కాశా. పందెం ఓడిపోయాక కూడా అసలు ఆయన ఎవరో తెలుసుకోవాలని మాత్రం అనిపించలేదు. అనిపించింది పోయిన సెమిస్టర్‌లో, అదీ నేనొక వెధవ పని చేశాక.

మీలో కొంతమందికి కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ గేమ్ తెలుసు. తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో: ట్యాంకులు, ఇంజన్లు, పారాషూట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి మనమే రాకెట్ కట్టుకోవాలి, మనమే ఎగరేయాలి. గేమ్‌లో ఫిజిక్స్ చాలావరకు నిజమైనదే, అందుకే అందులో రాకెట్లు చాలావరకు లేవవు. మా కాలేజీ ఫెస్ట్‌లో ఫస్టియర్ వాళ్ళకి ఈ గేమ్‌లోనే లైవ్‌గా ఒక రాకెట్ ఎగరేసి చూపిద్దామని మేం నలుగురం ఒక డెమో పెట్టుకున్నాం. లీడర్ని నేను. ఇంజన్లు, ట్యాంకులు ఎంచుకోవడం నా పని. స్టేజింగ్, అంటే ఏది ముందు వెలగాలి, ఏది ఎప్పుడు విడిపోవాలి అనే వరస పెట్టడం నా రూమ్మేట్ పని. హాస్టల్లో వాణ్ణి అందరం ఆదోని అంటాం, వాడు నన్ను డోన్ అంటాడు. ఇక్కడా అవే పేర్లు వాడుకుంటా.

సెమినార్ హాల్ నిండింది. ప్రొజెక్టర్ మీద కౌంట్‌డౌన్. ఆదోని స్పేస్ బార్ నొక్కాడు. ఇంజన్ వెలిగింది. పొగ వచ్చింది. రాకెట్ మాత్రం కదల్లేదు. అర నిమిషం అయింది, నిమిషం అయింది, మంట మండుతూనే ఉంది, అది కూర్చునే ఉంది. ఫస్టియర్ వాళ్ళు మొదట నవ్వారు, తర్వాత ఫోన్లు తీసి వీడియోలు మొదలుపెట్టారు. మైకు నా చేతిలో ఉంది. నేను నవ్వుతూ, స్టేజింగ్ మా ఆదోని చేశాడు, లాంచ్ క్లాంపులు విడిపోవడం మర్చిపోయినట్టున్నాడు అని అందరి ముందూ అనేశా. హాలంతా నవ్వింది. వాడు ఏమీ అనలేదు. లాప్‌టాప్ మూసేసి వెళ్ళిపోయాడు.

అసలు జరిగింది రాత్రి ఒక్కణ్ణే కూర్చుని చూస్తే తెలిసింది. రాకెట్ మొత్తం బరువు దాదాపు 6 టన్నులు. అంటే భూమి దాన్ని కిందికి లాగే బలం సుమారు 59 కిలోన్యూటన్లు. నేను పెట్టిన ఇంజన్ పేరు టెర్రియర్. దాని థ్రస్ట్ 60 అని స్క్రీన్ మీద కనపడింది. 60 అంటే 59 కంటే ఎక్కువే కదా, మైలేజీ కూడా బాగా ఇచ్చే ఇంజన్, చాల్లే అనుకున్నా. ఆ 60 అనేది వాక్యూమ్‌లో, అంటే గాలి లేని చోట. నేల మీద, గాలి ఒత్తిడిలో అదే ఇంజన్ థ్రస్ట్ 15 కూడా లేదు. టెర్రియర్ పైస్టేజీ కోసం చేసిన ఇంజన్. దాని నాజిల్ అంతరిక్షంలో పనిచేయడానికి తయారైంది, నేల మీద బయటి గాలి దాని బలమంతా తినేస్తుంది. గేమ్‌లో నేల మీది అంకె చూసుకునే బటన్ ఉంది. నేనది వాక్యూమ్‌లో పెట్టుకుని వదిలేశా. ఇంకా సిగ్గుచేటు ఏంటంటే, ఇంధనం మొత్తం అయిపోయి ఖాళీ ట్యాంకు మిగిలినా రాకెట్ దాదాపు 2 టన్నులు ఉంటుంది. దాన్ని లేపడానికి కూడా ఆ 15 చాలదు. దాదాపు నాలుగు నిమిషాలు మండి, ఆరిపోయి, కూర్చున్నచోటే కూర్చుంటుంది.

మా జేజినాయన రైల్వేలో చేశాడు. డోన్ జంక్షన్‌లో పెరిగిన ఎవరికైనా ఇది చెప్పక్కర్లేదు: లోడు మీదున్న గూడ్సుకి ఒక్క ఇంజన్ చాలదనుకుంటే రెండోది తగిలిస్తారు. ముందు బరువెంతో చూసి, తర్వాత ఇంజను చూస్తారు. నేను ముందు ఇంజను మైలేజీ చూశా.

క్లాంపుల సంగతి. అవి సరిగ్గానే విడిపోయాయి. బటన్ నొక్కగానే క్లాంపులు రెండు పక్కలకి తెరుచుకోవడం, రాకెట్ కొద్దిగా కిందికి జారి ప్యాడ్ మీద కూర్చోవడం ప్రొజెక్టర్ మీద నా కళ్ళతో నేనే చూశా. చూసి కూడా ఆ మాట అన్నా.

ఆ రాత్రి నిద్రపట్టక, రాకెట్లు ఫెయిలైన కథలు వెతుక్కుంటూ పోతే సతీశ్ ధావన్ దొరికారు. ఇంక ఆయన కథ చెప్తా.

ఆయన 1920 సెప్టెంబర్ 25న శ్రీనగర్‌లో పుట్టారు. చదువు లాహోర్‌లో, పంజాబ్ యూనివర్సిటీలో. లెక్కలు, ఫిజిక్స్‌తో బి.ఏ., తర్వాత ఇంగ్లిష్ లిటరేచర్‌లో ఎం.ఏ., ఆ తర్వాత మెకానికల్ ఇంజనీరింగ్. ఇప్పుడు మనకి ఇంటర్‌లోనే ఎంపీసీనా బైపీసీనా అని ముద్ర వేసేస్తారు, ఒక మనిషి ఈ మూడూ చదవడం నాకు వింతగా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పైచదువులకి అమెరికా వెళ్ళారు. 1947లో మిన్నెసోటా యూనివర్సిటీలో ఏరోనాటికల్ ఇంజనీరింగ్‌లో ఎం.ఎస్. పూర్తయింది. అదే ఏడు దేశం రెండు ముక్కలైంది. ఆయన అక్కడ ఉండగానే ఆయన చదువుకున్న లాహోర్ ఇంకో దేశంలోకి వెళ్ళిపోయింది. ఆ సంగతి ఆయనకి ఎలా అనిపించిందో ఊహించి రాయడం నాకు ఇష్టం లేదు. డోన్ నుంచి హాస్టల్‌కి వచ్చినందుకే నేను రెండు వారాలు మొహం వేలాడేసుకుని తిరిగా.

అక్కణ్ణుంచి కాలిఫోర్నియాలోని కాల్‌టెక్. గురువు హాన్స్ లీప్‌మన్. 1951లో పీహెచ్‌డీ. ఈ పీహెచ్‌డీ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నాకు ఆయన జీవితంలో బాగా నచ్చిన రెండు విషయాల్లో ఇది ఒకటి.

విమానం గాలిలో పోతుంటే దాని చర్మాన్ని గాలి రాసుకుంటూ వెనక్కి లాగుతుంది. దాన్ని స్కిన్ ఫ్రిక్షన్ అంటారు. ఎంత లాగుతోంది అనేది అప్పట్లో చాలావరకు పక్కదారిలో లెక్కగట్టేవాళ్ళు: ఉపరితలం దగ్గర గాలి వేగం ఎలా మారుతోందో కొలిచి, దాన్నుంచి ఫ్రిక్షన్ ఇంత ఉండాలి అని తేల్చేవాళ్ళు. ధావన్ గారు నేరుగా కొలుద్దాం అనుకున్నారు. ఒక పలకలో చిన్న ముక్క కోసి, అది చుట్టూ ఉన్న పలకకి తగలకుండా సన్నటి సందులో తేలేలా అమర్చారు. గాలి ఆ ముక్కని లాగితే అది వెంట్రుకవాసి కదులుతుంది. ఆ కదలికని కొలిస్తే లాగిన బలం తెలిసిపోతుంది. మామూలు వేగాల దగ్గరా కొలిచారు, ధ్వనిని దాటిన వేగాల దగ్గరా కొలిచారు. ఆ పనిని నాసాకి ముందున్న నాకా అనే అమెరికా సంస్థ రిపోర్టుగా అచ్చేసింది. ఆ సందు కొంచెం ఎక్కువైనా, ముక్క కొంచెం ఎత్తుగా కూర్చున్నా కొలత అంతా తప్పే. అంత చిన్న ముక్కతో అంత ఓపిగ్గా పనిచేసిన మనిషి ఆయన. నేను బటన్ మార్చి ఇంకో అంకె చూడటానికి బద్ధకించిన మనిషిని.

1951లోనే తిరిగొచ్చి బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. మనవాళ్ళు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే అంటారు. మా డోన్ నుంచి బస్సెక్కితే హైవే మీద నేరుగా బెంగళూరే, అందుకని నాకు ఆయన పక్కూరాయన లాగే అనిపిస్తాడు. అక్కడ దేశంలోనే మొదటి సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ కట్టించారు. 1955లో ఏరోనాటిక్స్ విభాగానికి హెడ్ అయ్యారు. ఆయన దగ్గర మొదట్లో పరిశోధన చేసిన వాళ్ళలో రొద్దం నరసింహ ఒకరు. ఆ ఇంటిపేరులోని రొద్దం మా సీమలో ఊరే. నున్నగా సాగుతున్న గాలి ఎక్కడ, ఎలా అల్లకల్లోలంగా మారుతుంది అని ఆ గురుశిష్యులిద్దరూ కలిసి రాసిన 1958 నాటి పేపర్‌ని ఆ రంగంలో ఇప్పటికీ చదువుతారు.

1962లో, 42 ఏళ్ళకి, ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టర్ అయ్యారు. 1981 దాకా ఉన్నారు. అంతకాలం ఆ కుర్చీలో ఇంకెవరూ లేరు. మన బ్రాంచి వాళ్ళు గుర్తుపెట్టుకోండి, ఇప్పుడు అక్కడున్న కంప్యూటర్ సైన్స్ విభాగానికి మూలమైన స్కూల్ ఆఫ్ ఆటోమేషన్ మొదలైంది ఆయన హయాంలోనే. సి.ఎన్.ఆర్. రావు, జి.ఎన్. రామచంద్రన్, మాధవ్ గాడ్గిల్ లాంటి వాళ్ళు అక్కడికి వచ్చిందీ ఆయన హయాంలోనే. మంచివాళ్ళని వెతికి తెచ్చి, తర్వాత వాళ్ళ పనికి అడ్డం రాకపోవడం ఆయన పద్ధతి.

1971 డిసెంబర్ 30న విక్రమ్ సారాభాయ్ తిరువనంతపురం దగ్గర కోవళంలో హఠాత్తుగా చనిపోయారు. అప్పటికి ఇస్రో పుట్టి రెండేళ్ళు దాటింది, అంతే. శ్రీహరికోటలో మొదటి చిన్న రాకెట్ ఎగిరి మూడు నెలలు కూడా కాలేదు. ధావన్ గారు అప్పుడు సెలవు మీద కాల్‌టెక్‌లో పాఠాలు చెప్తున్నారు. వచ్చి ఇస్రోని నడపమని ఇందిరా గాంధీ నుంచి కబురు వెళ్ళింది. మనమైతే ఆ రాత్రే ఫ్లైట్ ఎక్కేస్తాం. ఆయన షరతులు పెట్టారు. అక్కడ ఒప్పుకున్న పని పూర్తి చేసుకుని వస్తానన్నారు. ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ పని వదలనన్నారు. ఇస్రో ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలన్నారు. అన్నిటికీ ఒప్పుకున్నారు. ఆయన వచ్చేదాకా కొన్ని నెలలు ఎం.జి.కె. మీనన్ చూసుకున్నారు. 1972 సెప్టెంబర్ నుంచి 1984 దాకా ఇస్రో ధావన్ గారిది.

ఆ పన్నెండేళ్ళలో జరిగినవన్నీ చెప్తే ఇది జీకే నోట్స్ అయిపోతుంది. 1975లో ఆర్యభట్ట ఎగిరింది, కానీ సోవియట్ రాకెట్ మీద. ఉపగ్రహం మనది, ఎత్తుకెళ్ళింది వాళ్ళు. మన రాకెట్‌తో, మన నేల మీద నుంచి పంపడమే అసలు లెక్క. దానికోసం కట్టిందే ఎస్ఎల్‌వీ-3. ఆ ప్రాజెక్టుకి డైరెక్టర్‌గా అబ్దుల్ కలాంని పెట్టారు. ప్రయోగ స్థలం మన శ్రీహరికోట.

శ్రీహరికోట అంటే ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క పులికాట్ సరస్సు, మధ్యలో దీవి. రైల్లో పోతే సూళ్ళూరుపేటలో దిగాలి. తూర్పున సముద్రం ఉంటే రాకెట్ ముక్కలు ఊళ్ళ మీద పడవు, పైగా భూమి తూర్పుకే తిరుగుతుంది కాబట్టి ఆ తిరుగుడు వేగం కొంత ఉచితంగా వస్తుంది. గేమ్‌లో కూడా మనం తూర్పుకే వంచుతాం, ఎందుకో చాలామందికి తెలియదు. ఇంకో సంగతి, అది ఖాళీ దీవేం కాదు. యానాది కుటుంబాలు తరతరాలుగా ఉన్న చోటు. రాకెట్ల కోసం కొంతమంది ఇళ్ళు వదిలి కదలాల్సి వచ్చింది. మనం టీవీ ముందు చప్పట్లు కొట్టేటప్పుడు ఆ మాట ఎవరూ గుర్తుచేయరు.

ఎస్ఎల్‌వీ-3 ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. నాలుగు స్టేజీలు, నాలుగూ ఘన ఇంధనమే. ఇంత చేసి అది పైకి తీసుకెళ్ళగలిగేది 40 కిలోల ఉపగ్రహం. 17 టన్నుల్లో 40 కిలోలు! మా హాస్టల్లో బియ్యం బస్తా అంతకంటే బరువుంటుంది. రాకెట్ అంటే దాదాపు మొత్తం తనని తాను మోసుకోవడానికే సరిపోయే బండి. అందుకే అందులో ప్రతి అంకె అంత పీడిస్తుంది.

1979 ఆగస్టు 10. మొదటి ఎస్ఎల్‌వీ-3 లేచింది. మొదటి స్టేజీ చక్కగా పనిచేసింది. రెండో స్టేజీలో రాకెట్ అదుపు తప్పింది. 317 సెకన్లకి అంతా అయిపోయింది. మిగిలిన ముక్కలు ఉపగ్రహంతో సహా శ్రీహరికోటకి 560 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో పడ్డాయి.

మా రాకెట్‌లా అది లేవకుండా కూర్చోలేదు, నిజమే. కానీ తప్పు మాత్రం లేవకముందే, ప్యాడ్ మీదే జరిగిపోయింది. రెండో స్టేజీని దారిలో పెట్టే కంట్రోల్ వ్యవస్థకి నైట్రిక్ ఆసిడ్ కావాలి. ఎగరడానికి కొన్ని నిమిషాల ముందు ఒక సోలినాయిడ్ వాల్వ్‌లో మలినం చేరి అది మూసుకోలేదు. ఆసిడ్ కారిపోయింది. పైకి వెళ్ళాక రెండో స్టేజీ తనని తాను సర్దుకోవాల్సి వచ్చినప్పుడు ఇంధనం వచ్చింది, దాన్ని మండించాల్సిన ఆసిడ్ రాలేదు. కౌంట్‌డౌన్‌లో కంప్యూటర్ ఏదో తేడా ఉందని ఆపిందని, పక్కనున్న నిపుణులు పర్లేదు నిల్వ చాలినంత ఉందంటే తానే ముందుకు వెళ్ళమన్నానని కలాం తర్వాతి రోజుల్లో ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. అంటే వేలెత్తి చూపించాలంటే మనిషి రెడీగా ఉన్నాడు. పేరుంది, హోదా ఉంది, నిర్ణయం ఆయనదే.

తర్వాత జరిగిందే నాకు బాగా నచ్చిన రెండో విషయం. విలేఖరులు కూర్చుని ఉన్నారు. అప్పటి పేదరికం, రాకెట్లకి పెట్టిన ఖర్చు, ఇదంతా సముద్రంలో పోసేశారా అని అడగడానికి వాళ్ళకి అన్ని కారణాలూ ఉన్నాయి. ప్రాజెక్టు డైరెక్టర్ కలాం. ఆయన్ని ముందుకి తోస్తే ఎవరూ తప్పుపట్టరు. ధావన్ గారు కలాంని తనతో తీసుకెళ్ళి, మాట్లాడింది మాత్రం తానే. విఫలమయ్యామని ఒప్పుకున్నారు. సంస్థకి పెద్దగా ఆ బాధ్యత తన మీద వేసుకున్నారు. తన జట్టు మీద నమ్మకం ఉందని, ఏడాదిలో చేసి చూపిస్తామని చెప్పారు. వాల్వ్ అనో, కలాం అనో, నిపుణులనో ఒక్క వేలు కూడా ఎవరి వైపూ చూపించలేదు.

లోపల మాత్రం వదల్లేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు, బాధ్యత తీసుకోవడం అంటే పోనీలే అనుకోవడమని. వెంటనే సమీక్ష పెట్టి, వచ్చిన డేటాని వెనక్కి చదువుకుంటూ పోయారు. ఏ సెకనులో అదుపు తప్పింది, దానికి ముందు ఏం జరిగింది, దానికీ ముందు ఏం జరిగింది అని ఆ వాల్వ్ దాకా వెళ్ళారు. బయట ఒకే మనిషి నిందని మోస్తే లోపల అందరూ భయం లేకుండా నిజం చెప్పగలుగుతారు. మా టీమ్‌లో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరిగింది. నేను బయట ఆదోని పేరు చెప్పా కాబట్టి, లోపల తప్పు ఎక్కడుందని వెతకడానికి ఆ రాత్రి నా పక్కన ఎవరూ లేరు.

1980 జూలై 18న రెండో ప్రయోగం. ఎస్ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. సొంత రాకెట్‌తో సొంత ఉపగ్రహాన్ని పంపిన కొద్ది దేశాల్లో మనదీ ఒకటైంది. మళ్ళీ విలేఖరులు వచ్చారు. ఈసారి ధావన్ గారు పక్కకి జరిగి, వాళ్ళతో మాట్లాడమని కలాంకి అప్పజెప్పారు. కలాం ఈ కథని చనిపోయేదాకా ఎక్కడికి వెళ్ళినా చెప్తూనే ఉన్నారు. మీలో సగం మంది ఈ కథ వినే ఉంటారు, స్కూల్లో మోటివేషన్ క్లాసులో నేనూ విన్నా. వింటూ ఫోన్ చూసుకున్నా. కథ అప్పుడు నాది కాదు కదా.

ఆ తర్వాత సంగతులు తొందరగా చెప్పేస్తా. 1981లో పద్మవిభూషణ్. 1982లో ఇన్సాట్-1ఏ పైకెళ్ళి కొన్ని నెలలకే పాడైపోయింది, మరుసటేడు 1బి బాగా పనిచేసింది. 1984లో ఇస్రో బాధ్యతలు వదిలారు. 2002 జనవరి 3న బెంగళూరులో చనిపోయారు. అదే ఏడు సెప్టెంబర్ 5న శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. నేను పుట్టింది ఆ తర్వాత నాలుగేళ్ళకి. నాకు ఆయన ఎప్పుడూ ఒక కేంద్రం పేరే, మనిషి కాదు.

రిటైరయ్యాక ఆయన పిట్టలు చూసేవారు. సరదాకి కాదు, జీవితమంతా గాలి చదివిన మనిషి కళ్ళతో. పక్షి ఎలా ఎగురుతుంది, రెక్క ఎలా ఆడిస్తే లేచే బలం వస్తుంది అని 1991లో ఒక పుస్తకమే రాశారు. పులికాట్ అంటే చలికాలంలో ఫ్లెమింగోలు వేలల్లో దిగే సరస్సు, పక్కనే నేలపట్టులో గూడబాతులు. రాకెట్ల కోసం అక్కడికి వెళ్ళిన మనిషికి ఆ సరస్సు కళ్ళముందే ఉంది. ఫ్లెమింగో నీళ్ళ మీద పరిగెత్తి పరిగెత్తి లేస్తుంది, చూశారా? నిలబడ్డచోటు నుంచి లేవడానికి దానికి బలం చాలదు. థ్రస్ట్ తక్కువ ఉన్న వాళ్ళందరికీ ఒకటే దారి.

ఇంక నా సంగతి. ఈ వ్యాసం చదివే ఫస్టియర్ వాళ్ళలో చాలామంది ఆ రోజు సెమినార్ హాల్లో ఉన్నారు. కొంతమంది ఫోన్లలో ఆ వీడియో ఇంకా ఉంది, ఆదోనిని క్లాంప్ అని పిలుస్తున్నారని కూడా నాకు తెలుసు. ఆ రోజు క్లాంపులు విడిపోయాయి. వాడు పెట్టిన స్టేజింగ్‌లో ఒక్క తప్పు కూడా లేదు. ఇంజన్ ఎంచింది నేను, అంకె తప్పు చూసింది నేను, మైకులో వాడి పేరు చెప్పింది నేను. వీడియో కావాలంటే మళ్ళీ చూడండి, మొదటి రెండు సెకన్లు చాలు.

వాడికి విడిగా ముందే చెప్పా. పదకొండు రోజులు పట్టింది నాకు. ఒకే రూములో పదకొండు రోజులు, ఛార్జర్ అడగడం తప్ప మాటల్లేవు. ఆదివారం పొద్దున మెస్‌లో ఉగ్గాని, బజ్జీ పెట్టిన రోజు వాడి ప్లేటు కూడా నేనే పట్టుకొచ్చి, అప్పుడు చెప్పా. వాడు తినడం ఆపకుండా, క్లాంపులు విడిపోయినట్టు తనకి అప్పుడే తెలుసన్నాడు. మరి హాల్లోనే ఎందుకు చెప్పలేదని అడిగితే, మైకు నీ దగ్గరుంది కదా అన్నట్టు చూశాడు. అందరి ముందు అన్న మాటని అందరి ముందే వెనక్కి తీసుకోవాలి కదా అని నాకు అప్పుడే తోచింది. అందుకే ఇది పత్రికలో రాస్తున్నా.

రాకెట్ మళ్ళీ కట్టాం. ఈసారి ఇంజన్ ఆదోని ఎంచాడు. పాతదాన్ని అలాగే ఉంచి, కింద ఇంకో ట్యాంకు, దానికి స్వివెల్ ఇంజన్ పెట్టాడు. మొత్తం బరువు దాదాపు 12 టన్నులు, అంటే కిందికి లాగే బలం 118. స్వివెల్ నేల మీద ఇచ్చేది 168. నేల మీది అంకేనా అని నేను మూడుసార్లు అడిగా, మూడోసారి తిట్టాడు. లేచింది. కింది స్టేజీ అయిపోయి విడిపోయాక, గాలి పల్చబడిన చోట నా టెర్రియర్ వెలిగింది, తనకి తగిన చోట చక్కగా పనిచేసింది. రాత్రి రెండు దాటాక కక్ష్యలో పెట్టాం. పక్క రూము వాళ్ళు గోడ బాదారు.

వచ్చే నెల ఫస్టియర్ వాళ్ళకి డెమో మళ్ళీ ఉంది. మైకు ఆదోని పట్టుకుంటాడు. స్పేస్ బార్ నేను నొక్కుతా.